ఒక్క వాక్యంలో పోయిన అవ్వ

చంపినందుకు కాదు, చెప్పకుండా చంపినందుకే అయి ఉంటుంది ఈ కోపం. లేకపోతే నిన్న పొద్దుటి నుంచి కోడలితో మాట లేకుండా కూర్చునే మనిషా అత్తగారు? ఆ ఇంట్లో ఎవరో ఒకరు పోవడం కొత్తేమీ కాదు. మొదటి నవలలో కోటగోడ కూలి సగం ఊరు పోయింది. ఆ గోడ మీది కావలివాడి కేకలు అత్తగారే వేసి, మర్నాడంతా వేణ్ణీళ్లు పుక్కిలించారు. రెండో నవలలో రాణి విషం తాగితే, "చక్కగా పోయింది, ముఖంలో కళ తప్పలేదు" అని మెచ్చుకున్నారు కూడా. మరి ఈ మూడో నవలలో పడవ నడిపే అవ్వ దగ్గరికి వచ్చేసరికి ఏమైంది? చంపడంలో కూడా మర్యాద ఉంటుందా? ఉంటుందేమో. వంటింట్లో నిలబడి మర్యాద గురించి ఆలోచిస్తూ ఉండగానే పాలు పొంగి స్టవ్ మీద పడ్డాయి.

రచయిత్రి గుడ్డ తీసి తుడిచింది. ముందు గదిలోంచి తల్లీకొడుకుల మాటలు వినబడుతున్నాయి.

"అమ్మా, టీ."

"చచ్చినవాళ్లు టీ తాగరు."

"ఎవరు చచ్చారమ్మా?"

"మీ ఆవిణ్ణి అడుగు. ఆవిడకే తెలుసు."

"మరి పొద్దున్న రెండు రొట్టెలు తిన్నావు?"

"అలవాటు కొద్దీ తిన్నాను. ప్రాణం పోయిన సంగతి పళ్లకి వెంటనే తెలియదు."

భర్త టీ కప్పుతో వంటింట్లోకి వచ్చాడు. నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంటున్నాడు. భార్య ముఖం చూడగానే ఆ నవ్వు ఎటో పోయింది.

"మధ్యాహ్నం కత్తెర వస్తున్నాడు, గుర్తుందా?"

ఎందుకు గుర్తుండదు? కత్తెర అంటే పెద్ద ప్రచురణ సంస్థ సంపాదకుడు. ఆ పేరు పెట్టింది అత్తగారే. అతను మొదటిసారి వచ్చినప్పుడు నవలని తెగ పొగిడి, చివర్లో గొంతు సవరించుకుని, "ఆ ముసలమ్మ మాత్రం కాస్త ఎక్కువైందండీ, యుద్ధం కథ కోసం కొనుక్కునేవాళ్లకి పడవ గోల ఎందుకు చెప్పండి, తగ్గించండి" అన్నాడు. అతను గేటు దాటకముందే అత్తగారు నామకరణం చేసేశారు.

"గదిలోకి రా. మాట్లాడాలి" అన్నాడు భర్త.

ఆమె పని చేసుకునే గది అది. గోడకి బట్ట మీద గీసిన నది పటం. మూలన నిలువెత్తు వెదురుగడ. పడవ నడిపే మనిషి గురించి రాయడానికి ముందు ఆ గడ పట్టుకుని ఒక ఎండాకాలం అంతా నదిలో పడవ నేర్చుకుంది ఆమె. అరచేతి బొబ్బ ఎక్కడ లేస్తుందో చూసుకుని మరీ రాసింది. మంచం కిందా, బీరువా పక్కనా, తలుపు వెనకా అట్టపెట్టెలు. అన్నీ సొంతంగా అచ్చు వేయించుకున్న మొదటి రెండు నవలలు. ఆమె వాటిని రిక్షాలో వేసుకుని పుస్తకాల అంగళ్లకి తిరిగింది, ప్రదర్శనల్లో బల్ల వేసుకుని నిలబడింది, పొట్లాలు కట్టి తపాలా వరుసలో నిలబడింది. పట్టనివి భర్త కళ్లద్దాల దుకాణం వెనక గదిలో ఉన్నాయి.

"అమ్మకి సర్దిచెప్పు" అన్నాడు భర్త. "ఒక్క సంతకం. ఇన్నేళ్లకి ఎవరో వచ్చి నీ పుస్తకం మేం అమ్ముతాం అంటున్నారు. పెట్టెలు మోయక్కర్లేదు."

"మీ వెనక గది ఖాళీ అవుతుందనా?"

"నీ నడుం కోసం అంటున్నాను. నిన్న వంగి చెప్పు తీసుకోవడానికి ఎంతసేపు పట్టింది నీకు?"

ఆమెకి వెంటనే సిగ్గేసింది. ఈ మనిషిని దెప్పడం ఎంత తేలికో! దెప్పినా కోపం రాదు, అదే చిక్కు.

"అవ్వని తీసెయ్యమన్నారా వాళ్లు?" అన్నాడాయన కాస్త ఆగి.

"తగ్గించమన్నారు."

"తగ్గించడం ఒకటి, గుట్టుగా పూడ్చిపెట్టడం ఒకటి. నాకు రాయడం గురించి ఏం తెలీదు. కానీ నువ్వు రాసింది మాకు వినిపించకుండా దాచడం ఇదే మొదటిసారి. ఎందుకు?"

ఆమె బల్ల మీద కాగితాలు సర్దింది. ఆయన రెట్టించలేదు. తలుపు వెనక పెట్టె ఒకటి వంకరగా ఉంటే కాలితో సరిచేసి, దుకాణం తాళాలు వెతుక్కుంటున్నట్టు జేబులు తడుముకుంటూ వెళ్లిపోయాడు. తాళాలు చేతిలోనే ఉన్నాయి.

ఎందుకు?

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఆమె ఏది రాసినా సాయంత్రం ముగ్గురూ కూర్చుని తలో పాత్రా పంచుకుని పైకి చదువుతారు. రెండు వందల ఏళ్ల కిందటి మనుషులు ఎలా మాట్లాడేవారో ఎవరు విన్నారు కనక? నోటికి అడ్డం పడింది అబద్ధం, గొంతులో సాఫీగా దిగింది నిజం. ఆమెకి తెలిసిన కొలత అదొక్కటే. రాజులూ, సైనికులూ భర్త వంతు. ఆయన చదివితే దుకాణంలో అక్షరాల బోర్డు చదివినట్టుంటుంది. అయినా ఊరుకుంటారు. పడవ అవ్వ మాత్రం మొదటి పేజీ నుంచీ అత్తగారిదే. రాజు పడవ ఎక్కబోతే "బురదకాళ్లతో ఎక్కుతావేం, నీ ఇల్లనుకున్నావా?" అన్న అవ్వ ఆవిడే. ఆ మాట ముందు ఆమె కాగితం మీద లేదు. అత్తగారి నోట్లోంచి వచ్చింది. తరవాత అవ్వ పెరిగింది. రాస్తున్నకొద్దీ ఆమె చెవిలో ఆ ఒక్క గొంతే మోగేది. పుస్తకంలో సగం మేర అవ్వ ఆక్రమించుకుంటే, అది ఎవరి తప్పని చెప్పాలి?

పోయిన చలికాలం అత్తగారికి జ్వరం వచ్చింది. ఆస్పత్రి వరండాలో ఇనప కుర్చీలో కూర్చుని, తలుపు సందులోంచి ఆ దగ్గు విన్నది ఆమె. దగ్గు ఆగినప్పుడల్లా ఊపిరి బిగబట్టింది. మళ్లీ దగ్గు వినపడితే, హమ్మయ్య అనుకుంది. అత్తగారు ఇంటికొచ్చారు, కోలుకున్నారు, కూరలో ఉప్పుకి వంకలు పెట్టారు. అంతా మామూలే. ఆ తరవాతే సంపాదకుడు వచ్చి, తగ్గించండి అన్నాడు. ఆ వారమే ఆమె అవ్వని చంపే ఆ ఒక్క వాక్యం రాసింది.  లేచి వెళ్లి, కడిగిన గ్లాసులే మళ్లీ కడిగింది.

అయితే కత్తెర అతనిది కాదన్నమాట. అతను వచ్చి నిలబడ్డాడంతే. ఆమే వెళ్లి అతని వెనక దాక్కుంది.

అత్తగారి గది తలుపు ఓరగా ఉంది. ఆవిడ మంచం మీద ఉతికిన బట్టలు మడత పెడుతున్నారు. మడత పెట్టినవి విప్పి మళ్లీ పెడుతున్నారు.

"అత్తయ్యా."

కిటికీ బయట వాన. కిటికీతో అన్నారు అత్తగారు, "మాట్లాడటానికి నోరుండాలి. నా నోరు ఆ కాగితంలో ఎక్కడా కనపళ్లేదు."

"కథలో అందరూ ఎప్పుడో ఒకప్పుడు పోవాల్సినవాళ్లే కదా."

అంతే. చేతిలో దిండుగలీబు మంచం మీద పడింది.

"పోనీయవే! ఎవరొద్దన్నారు? నేను చావనని మొండికేశానా? ఎలా పోయింది అని అడుగుతున్నాను. ఏదీ, చదువు ఆ ముక్క."

"వద్దు అత్తయ్యా..."

"నువ్వు రాసిందే కదా. నోటికి రాదా?"

ఆమె నేల చూస్తూ చెప్పింది. "పడవ అవ్వ ముందురోజే పోయిందని ఎవరో అన్నారు."

"ఎవరో! ఎవడా ఎవరో? నిన్న నీ బల్ల మీద కనబడితే, నా అద్దాలు బాగాలేవేమోనని తుడుచుకుని మరీ చదివాను. ఇన్నేళ్లుగా అది నా గొంతులో కాపురం ఉందే! దానికి దగ్గొస్తే నేను దగ్గాను. అది గడ వేస్తే నా భుజం లాగింది. రాజుని రేవులో నిలబెట్టి కడిగేసిన మనిషి, చివరికి కిక్కురుమనకుండా, ఎవడో దారినపోయేవాడు చెబితే పోయిందా? నేనైతేనా, పూటంతా చస్తాను. అందర్నీ పిలిపించి, పేరుపేరునా తిట్టి, మంచినీళ్లు అడిగి, అవి బాగాలేవని చెప్పి, అప్పుడు పోతాను."

రచయిత్రికి నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలో ఎక్కడో దారి తప్పి కళ్లలోకి వచ్చింది.

"నాకు భయమేసింది అత్తయ్యా."

"కత్తెరగాడికా?"

"కాదు. రాస్తే వినపడుతుంది. మీ గొంతే వినపడుతుంది."

అత్తగారు దిండుగలీబు తీసుకుని అంచులు కలిపారు, చేత్తో చాలాసేపు సాపు చేశారు. వాన చప్పుడు ఒకటే గదిలో.

"పిచ్చిమొద్దూ" అన్నారు చివరికి. "నువ్వు రాయకపోతే నేను ఉండిపోతానా?"

కోడలు కళ్లు తుడుచుకుంది.

"వెళ్లు. వెళ్లి కూర్చుని రాయి. నేను అన్నీ చదివి వినిపించాను, ఇదొక్కటీ నా నోట కాక ఎవరి నోట వింటావు? తొందరగా కానీ. వాడొచ్చేలోగా చావాలి నేను."

రాసింది. వెదురుగడ వైపు తిరిగి కూర్చుని రాసింది. గోడ అవతల అత్తగారు రెండుసార్లు దగ్గారు. రెండుసార్లూ కలం ఆగింది. లేచి గ్లాసులు కడగాలనిపించింది. కుర్చీ అంచు ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని కూర్చుంది. అవ్వ మాట్లాడటం మొదలుపెట్టాక ఇంక పట్టుకోవాల్సిన అవసరం రాలేదు. వెనకపడకుండా రాసుకుపోవడమే కష్టమైంది. ఆఖరి వాక్యం దగ్గర కలం దించింది. ఎంత హాయిగా ఉందో! ఇన్నాళ్లూ గొంతులో అడ్డంపడి ఉన్నది దిగిపోయినట్టు.

సంపాదకుడు గొడుగు దులుపుకుంటూ వచ్చాడు. మర్యాదస్థుడు. చెప్పులు బయటే విడిచి, తోలుసంచిలోంచి ఒప్పందం కాగితం తీసి టీబల్ల మీద పెట్టాడు.

"సంతకం అయిపోతే రాతప్రతి తీసుకెళ్లిపోతానండీ. అచ్చువాళ్లు కాచుకుని ఉన్నారు."

"కూర్చో బాబూ" అన్నారు అత్తగారు. అప్పటికే దివాన్ మీద దిండు సర్దుకుని పడుకుని ఉన్నారు. "ముందు నేను చావాలి. సంతకాలు తర్వాత."

సంపాదకుడు ఉలిక్కిపడి భర్త వైపు చూశాడు. దుకాణానికి వెళ్లకుండా గుమ్మంలోనే నిలబడి ఉన్న భర్త, "మా ఇంట్లో ఇది మామూలేనండీ" అన్నాడు.

"ఈ కాగితం పట్టుకో. దళపతివి నువ్వు."

"నేనా? నాకు అలవాటు లేదండీ..."

"తిట్టడం, బెదిరించడమే. నీకు రాకపోవడమేం? మావాడు సైనికుడు. వాడికి ఒకటే మాట ఉంది, అదైనా సరిగ్గా అంటాడేమో చూద్దాం."

రచయిత్రి చదవడం మొదలుపెట్టింది. శత్రుసేన రేవుకి వచ్చింది. ఊరివాళ్లంతా రెల్లుపొదల్లో దాక్కుని ఉన్నారు, నది దాటడానికి. ఇసకలో లాగిపెట్టిన పడవలో అవ్వ పడుకుని ఉంది. నదిలో లోతు తక్కువ ఎక్కడో ఆ రేవులో తెలిసిన మనిషి అవ్వ ఒక్కతే. ఆ చోటు తెలిస్తే సేన వాళ్ల వెంటే దాటుతుంది. ఊరి పని అయిపోతుంది.

"ఒక్క నిమిషం దళపతీ, ఈమె ఇంకా బతికే ఉంది" అన్నాడు భర్త.

దివాన్ మీంచి, కళ్లు మూసుకునే, "ఆ కాలంలో నిమిషాలు ఎక్కడివిరా? కాగితంలో ఉన్నది చదువు" అన్నారు అత్తగారు.

"దళపతీ, ఈమె ఇంకా బతికే ఉంది."

సంపాదకుడు గొంతు సవరించుకున్నాడు. "లోతు తక్కువ ఎక్కడో చెప్పు ముసలీ. వైద్యుణ్ణి పిలిపిస్తాను."

"వాడొస్తే వాడినీ నేనే దాటించాలా?"

"పరాచకాలాడుతున్నావా? చావంటే భయం లేదా నీకు?"

"లేకేం నాయనా." అత్తగారి చెయ్యి దివాన్ అంచు మీద పడింది. అది దివాన్ అంచులా లేదు. ఏళ్ల తరబడి అరచెయ్యి రాసి రాసి నున్నబడిన చెక్కలా ఉంది. "ఉండదూ? ఈ వయసులో కొత్త ఒడ్డు."

సంపాదకుడి గొంతు ఎందుకో తగ్గింది. కాగితంలో కేక అని ఉన్నచోట అతను కేక వెయ్యలేదు. "ఆఖరిసారి అడుగుతున్నాను. ఎక్కడ లోతు తక్కువ?"

అత్తగారు కళ్లు తెరిచారు. అతన్ని చూడలేదు, అతని వెనక కిటికీలోకి చూశారు. వాన అక్కడ అడ్డంగా పడుతోంది.

"కాస్త పక్కకి జరుగు బాబూ. నది కనబడటం లేదు."

సంపాదకుడు కుర్చీ పక్కకి జరుపుకున్నాడు. నిజంగానే జరుపుకున్నాడు. జరిపాక అతనికే తెలిసి, ముఖం ఎర్రబడింది.

అత్తగారి కళ్లు మూతపడ్డాయి. ఎవరూ కదల్లేదు. వాన. ఎంతసేపటికీ ఆ కళ్లు తెరుచుకోలేదు. రచయిత్రి కాగితం ఒళ్లో పెట్టుకుంది. లేవలేదు. చూస్తూ కూర్చుంది. చూడగలిగింది.

"అమ్మా?" అన్నాడు భర్త.

ఒక కన్ను తెరుచుకుంది.

"ఎలా ఉంది?"

ముందు నవ్వింది సంపాదకుడే. నవ్వుతూ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. అద్దాలతోపాటు కళ్లూ తుడుచుకున్నాడు. భర్త పెద్దగా చప్పట్లు కొట్టాడు. రచయిత్రి దివాన్ దగ్గర నేల మీద కూలబడి, అత్తగారి మోకాళ్ల మీద తల పెట్టేసింది.

"లేవే, లే. ఇప్పుడు తే ఆ టీ. చక్కెర కాస్త ఎక్కువెయ్యి, చచ్చి బతికాను."

టీ వచ్చాక సంపాదకుడు కప్పు కింద పెట్టాడు. "ఇది ఉండాలి" అన్నాడు. "ముసలమ్మని తగ్గించమన్నది నేనే. ఇప్పుడు నేనే పైవాళ్లతో పోట్లాడతాను. ఒక్క అక్షరం తియ్యనివ్వను. కానీ ఇంతకంటే ఒక్క పేజీ పెరిగినా, ఒక్క వారం ఆలస్యమైనా ఇంక నా చేతిలో లేదండీ. ఇలాగే, ఇప్పుడే ఇచ్చేయండి."

భర్త ముఖం వెలిగిపోయింది. ఆమెకి నేల మీద కాళ్లు ఆనలేదు. కత్తెరే తన కత్తెర దించేశాడు! అవ్వ మొత్తం ఉంటుంది, అంగళ్లలో అద్దాల బీరువాల్లో కూర్చుంటుంది, ఎవరి నడుమూ విరగదు. ఆమె కొత్త పేజీలని వాటి చోట పెట్టి, కట్ట సరిచేసి, కలం తీసింది.

"అంతా బాగుంది కానీ" అన్నారు అత్తగారు టీ చప్పరిస్తూ, "ఇంతకీ ఇప్పుడు పడవెవరు నడుపుతారు?"

"ఏ పడవ?" అన్నాడు భర్త.

"ఏ పడవేమిట్రా! పొదల్లో ఊరంతా కూర్చుని ఉంది కదా, దాటిస్తే దాటుదామని. నేను పోయాను. వాళ్ల గతేమిటి?"

రచయిత్రి చివరి పేజీ తీసింది. తెల్లవారేసరికి ఊరివాళ్లంతా అవతలి ఒడ్డు చేరారు, అని ఉంది. కింద, పేజీ మధ్యన, సమాప్తం. చేరారు. ఎవరు చేర్చారు? గడ చేత్తో పట్టుకుని, అరచేతిలో బొబ్బ ఎక్కడ లేస్తుందో కూడా చూసుకున్న మనిషి తను. ఆ ఒక్క చావు వైపు చూడలేక ముఖం తిప్పుకుంటే, పడవ కూడా కనపడలేదు. ఊరి జనాన్ని నడిపేవాళ్లు లేని పడవలో నది దాటించేసింది.

"నేను మూడుసార్లు చదివాను" అన్నాడు సంపాదకుడు తనలో తను. తరవాత తేరుకుని, "చదివేవాళ్లు అంత పట్టించుకోరండీ. సంతకం పెట్టేయండి" అన్నాడు.

ఆమె భర్త వైపు చూసింది. ఆయనకి ఆ చూపు తెలుసు. రెండు నవలల పాటు ఆ చూపుతోనే కాపురం చేశాడు. కిటికీ వైపు తిరిగి, ఎవరితోనో అన్నట్టు, "దుకాణం వెనక ఇంకొన్ని పెట్టెలు పడతాయిలే. కళ్లద్దాలెంత చోటు తింటాయి" అన్నాడు. కాస్త ఆగి, "పెట్టెలు మాత్రం నేను మోస్తాను" అన్నాడు.

"నా గొంతు ఇప్పుడు ఖాళీగా ఉంది" అన్నారు అత్తగారు. "ఎవర్నైనా పెట్టుకోవచ్చు."

సంపాదకుడు ఒప్పందం కాగితాన్ని ఆమె ముందుకి జరిపాడు. జరిపి, ఆమె ముఖంలోకి చూసి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పొదల్లో అంతమంది ఊపిరి బిగబట్టి ఉన్నారు. వాళ్లలోంచి ఎవరో ఒకరు లేచి గడ అందుకోవాలి. ఎవరో ఆమెకి తెలియదు. తెలియకపోవడం ఇంత సంతోషంగా ఉంటుందని మర్చిపోయి ఎన్నాళ్లయింది!

ఆమె ఆ కాగితాన్ని కాస్త పక్కకి జరిపింది. చివరి పేజీని ముందుకి లాక్కుని, సమాప్తం అన్న మాట మీద అడ్డంగా ఒక గీత గీసింది.